ఒంటిగొట్టపు తుపాకి: పుట్టుపూర్వోత్తరములు, రోగనిదానము

కొండలకు చేరువనున్న మెట్ట గ్రామములలో, వేరుసెనగయు చెఱకును అడవిపందుల పాలు కాకుండ కాపాడుకొనవలసిన కుటుంబములయందు, తాతల నాడు లైసెన్సు పొంది కొన్న ఒంటిగొట్టపు తుపాకి నేటికిని బీరువాలోనో దూలము క్రిందనో కానవచ్చుచుండును. దానిని ఏ దేశమున, ఏ కాలమున, ఏ తూటాకై చేసిరో ఇంటివారికి తెలియదు. తెలిసినదెల్ల తాతగారి పేరును, లైసెన్సు పుస్తకములోని 'ఎస్.బి.బి.ఎల్.' (ఒంటిగొట్టము గలిగి వెనుకనుండి తూటా నింపు తుపాకి) అను నాలుగక్షరములును మాత్రమే. అట్టి తుపాకి వారసత్వముగా సంక్రమింపగా లైసెన్సును తన పేరునకు మార్పించుకొన్న యువకుడగు కామందునకును, లైసెన్సు గల మరమ్మతు దుకాణమున జీవితమెల్ల గడపిన వృద్ధుడగు మేస్త్రికిని నడుమ జరుగదగిన వాదము నిట సంవాదరూపమున కూర్చితిని. పనిముట్టు పనిచేసిన చాలునని కామందు పక్షము. పనిముట్టు ఎట్టిదో తెలియనిదే దానిచే పనిచేయింపరాదని మేస్త్రి పక్షము. ప్రాణములతో ముడిపడిన విషయము గనుక రెండు పక్షములను సావధానముగ వినుట యుక్తము.

కామందు: మేస్త్రిగారూ, నా కోరిక స్వల్పము. ఈ తుపాకి మీట నొక్కినపుడు ఒకసారి పేలును, ఒకసారి పేలదు. గుఱ్ఱము పడుచున్నది, టక్కుమను చప్పుడు వినబడుచున్నది, తూటా మాత్రము ఉలుకక పలుకక ఉండును. లోపలి స్ప్రింగు అలసినదని నా నమ్మకము. దానిని తీసివేసి గట్టి స్ప్రింగు వేసిన పని ముగియును. అంతమాత్రమునకు మీరు గొట్టమును విప్పి, భూతద్దము పట్టుకొని, దాని యడుగుభాగమును తాళపత్ర గ్రంథము చదివినట్లు చదువుట దేనికి?

మేస్త్రి: బాబుగారూ, మీరు దీనిని బల్లమీద నుంచగానే నేను చేసిన మొదటి పని చదువుట కాదు, గొట్టమును తెరచి, తూటా కూర్చుండు చేంబరు ఖాళీగ నున్నదని కంటితో చూచి, వ్రేలితో తడవి నిశ్చయించుకొనుట. ఇంటిలో ముప్పదియేండ్లు మూలబడియుండిన తుపాకిలో సైతము తూటా మిగిలియుండవచ్చును; ఖాళీ తుపాకి యని ఇతరులు చెప్పిన మాటను ఈ వృత్తిలోనివాడు ఎన్నడును నమ్మరాదు. రెండవ పని ఈ చదువు. నాడి చూడకయే మందిచ్చు వైద్యుడు ఒక్కొక్కపుడు రోగిని బ్రతికింపవచ్చునేమో గాని, అతడు వైద్యుడు కాడు. తూటా పేలకపోవుట లక్షణము. వ్యాధి వేరొకచోట నుండవచ్చును. ఏ తుపాకి యో తెలిసినగాని ఏది వ్యాధియో తెలియదు.

కామందు: ఏ తుపాకియో తెలియకపోవుట యేమి? గొట్టముపైన అందమైన అక్షరములతో కలకత్తా కంపెనీ పేరు చెక్కబడియున్నది. మా తాతగారు ఆ పేరు చూచియే కొనిరి. పేరున్న కంపెనీ చేసిన వస్తువు మేలుదే యగును గదా.

మేస్త్రి: ఆ పేరు అమ్మినవారిది, చేసినవారిది కాదు. మాంటన్ కంపెనీ, రోడ్డా కంపెనీ వంటి కలకత్తా వర్తకులు ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరమునుండి తుపాకులను తెప్పించి, వానిపై తమ పేర్లు చెక్కించి అమ్మెడివారు. ఇది మోసము కాదు. ఆ వ్యాపారపు మర్యాద యది. అమెరికాలో నీ పద్ధతి మరింత ముదిరినది. అచటి ఇనుపసామాను దుకాణములును, తపాలాద్వారా సరకులమ్ము పెద్ద సంస్థలును ఒకే కర్మాగారమున చేయబడిన ఒంటిగొట్టపు తుపాకిని పలు పేర్లతో అమ్మినవి. పైగా 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టము వచ్చువరకు అట్టి చౌక తుపాకులకు వరుససంఖ్య వేయవలెనను నిర్బంధమే లేదు. వించెస్టరు కంపెనీ 1936 మొదలు 1963 వరకు పదిలక్షలకు పైగా చేసిన 37వ నమూనా తుపాకికి సంఖ్య యనునదే లేదు. కనుక పేరు చూచి వంశమును, సంఖ్య చూచి వయస్సును తెలిసికొందమనుట అనేక సందర్భములలో సాధ్యము కాదు. తుపాకి తన్ను గూర్చి అసత్యమాడని చోటు ఒక్కటే కలదు; అది గొట్టము క్రింద, ముందుకర్ర మరుగున, అమ్మకపువాని కంటికి ఆనని తావున కొట్టబడిన పరీక్షాముద్రలు.

కామందు: ఆ చిన్నచిన్న గీతలా? వానిని నేను కర్మాగారపు కూలివాని గుర్తులనుకొంటిని.

మేస్త్రి: వాని వెనుక శాసనబలము కలదు. లండను తుపాకి పనివారి సంఘమునకు 1637లో రాజపత్రము లభించినది. బర్మింగ్‌హాం పరీక్షాలయము 1813లో పార్లమెంటు చట్టముచే ఏర్పడినది. అమ్మకమునకు పోవు ప్రతి గొట్టమును మామూలు తూటాకంటె మిక్కిలి బలమైన మందుతో అచట పేల్చి, పగులక, ఉబ్బక నిలిచినదానికే ముద్ర వేయుదురు. బెల్జియములోని లియేజి నగరమునకు తన పరీక్షాలయము కలదు. అచటి ముద్ర కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో 'ఇ.ఎల్.జి.' అను అక్షరములు, 1893నుండి దానిపై కిరీటము. ఇపుడు మీ తుపాకిని చూడుడు. కిరీటము క్రింద కత్తెరవలె దాటిన రెండు రాజదండములు కనుపించుచున్నవి గదా? అది బర్మింగ్‌హాం వారు 1904 వరకు వాడిన ముద్ర. దాని ప్రక్కన వజ్రాకారపు గీతలో 12 అను అంకెయు 'సి' అను అక్షరమును ఉన్నవి. చేంబరు వెడల్పును దెలుపు ఈ గుర్తు 1887లో వచ్చినది. కనుక మీ తుపాకి 1887కు ముందుది కాదు, 1904కు తరువాతిది కాదు. ఇక నేను వెదకియు కానరాని ముద్ర యొకటి కలదు. పొగలేని నైట్రో మందుతో పరీక్షింపబడిన గొట్టములకు 1904నుండి కిరీటము క్రింద 'ఎన్.పి.' అని వేయుదురు. అంతకుముందు కొన్నిటికి నైట్రో పరీక్ష జరిగినదని మాటలలోనే చెక్కిరి. రెండును దీనిపై లేవు. ఇది నల్లమందు, అనగా పొగవచ్చు పాత తుపాకిమందు, నింపిన తూటాలకై పుట్టిన తుపాకి.

కామందు: పుట్టుక నల్లమందు కాలమునదే కానిండు. మా తాతగారును, ఆయన తరువాత మా నాయనగారును బజారులో దొరకు మామూలు తూటాలనే దీనిలో వేసి కాల్చిరి. గొట్టము పగులలేదు, ఎవరి చేయియు పోలేదు. అరువదియేండ్ల అనుభవమును కాదని ఒక ముద్ర లేమిని ప్రమాణముగ గొనుట న్యాయమా? మరియొకటి. ఈ గొట్టముపై నీటి యలలవంటి అల్లిక కనుపించుచున్నది; దీనిని డమాస్కస్ గొట్టమందురని విన్నాను. 1891లో బర్మింగ్‌హాం పరీక్షాలయమువారే జరిపిన పరీక్షలలో మేలురకపు అల్లికగొట్టములు ఉక్కుగొట్టములకు తీసిపోలేదని తేలినట్లు చదివితిని. పాతదనగానే బలహీనమని భయపెట్టుట సరికాదు.

మేస్త్రి: మీరు చదివినది నిజమే, దానిని నేను కాదనను. ఇనుప బద్దలను ఉక్కు బద్దలను మెలివేసి, కడ్డీచుట్టు చుట్టి, కాచి, సమ్మెటతో అతికి చేసిన మంచి అల్లికగొట్టము తన యౌవనమున గట్టిదే. అయితే ఆ పరీక్ష జరిగినది క్రొత్త గొట్టములపైన. దీని యంగాంగమును అతుకులే గదా. నల్లమందు కాలినపిదప మిగులు మసి గాలిలోని తేమను పీల్చును, పాతకాలపు తూటాల వెనుక నిప్పు పుట్టించు క్యాపులలోని ఉప్పు ఇనుమును తినును, కాల్చిన నాడే వేడినీటితో కడిగి ఆరబెట్టి నూనె పూయనిచో త్రుప్పు ఆ అతుకుల వెంబడి లోనికి ప్రాకును. వెలుపల అలలు అందముగ మెఱయుచుండగనే లోపల సన్నని బిలములు త్రవ్వబడియుండవచ్చును. వానిని ఏ కన్నును చూడలేదు. ఇక మందు సంగతి. నల్లమందు ఒక్కసారి భగ్గున మండి, చేంబరు సమీపమున, గొట్టము మందముగ నున్న చోటనే తన బలము నెక్కువగ చూపును. పొగలేని మందు నెమ్మదిగ మండుచు, ఒత్తిడిని ముందునకు కొనిపోవును. ఎడమచేయి పట్టుకొను ఆ నడిమిభాగమున గొట్టపు గోడ పలుచన. అరువదియేండ్లు పగులలేదనుట నిన్నటివరకు పగులలేదనుటయే. ప్రతి తూటాయు ఆ లోహమునుండి కొంత తీసికొనిపోయినది. మిగిలినదెంతయో కొలిచి చూచిన నాడు గాని తెలియదు.

కామందు: ఇపుడు మీ మాటతోనే మిమ్ము పట్టుకొందును. కొలిచి చూడవలెనంటిరి గదా? అట్లయిన మీ ముద్రలు చెప్పునది 1900 ప్రాంతమున ఒకనాటి సంగతి మాత్రమే. ఆ నాడు గొట్టము బాగుండెను, సరే. ఆ తరువాత ఎవడో మేస్త్రి త్రుప్పు మచ్చలు పోవుటకై లోపల సానపట్టి పలుచజేసి యుండవచ్చును; నొక్కు పడిన చోట కొట్టి సరిచేసి యుండవచ్చును. ముద్ర మాత్రము చెక్కుచెదరక అట్లే యుండును. నైట్రో ముద్ర గల తుపాకి సహితము నేడు ప్రమాదకరము కావచ్చును గదా. కనుక పుట్టుపూర్వోత్తరముల విచారణ పండితులకు వినోదము. నాకు కావలసినది నేటి స్థితి. ఆ మాటకు వచ్చిన, గంటసేపు చదివిన చదువంతయు నిరర్థకము.

మేస్త్రి: ఈ వాదమున సగము సత్యము, అది గొప్ప సత్యము. ముద్రను చూచి గుడ్డిగ నమ్మువాడు ముద్ర చూడనివానికంటె ఎక్కువ ప్రమాదములో నుండును, వానికి ధైర్యము అధికము గనుక. కాని చదువు నిరర్థకమనుట కుదురదు. ఏలయన నేటి కొలతకు అర్థమిచ్చునది నాటి కొలతయే. బర్మింగ్‌హాంలో 1954నుండి గొట్టపు లోపలి వ్యాసమును అంగుళములో వేయింట వంతులలో ముద్రించుట మొదలుపెట్టిరి. పన్నెండు బోరునకు అసలు కొలత 0.729 అంగుళము, అనగా పదునెనిమిదిన్నర మిల్లీమీటర్లు. పౌను సీసముతో సమానమైన పన్నెండు గుండ్లు పోసిన ఒక్కొక్కదాని వ్యాసమది. వెనుకనుండి 9 అంగుళముల దూరమున కొలిచి చూడగా నేటి వ్యాసము ముద్రలోని దానికంటె వేయింట పది వంతులకు మించి పెరిగియున్నచో, పాత నియమము ప్రకారము దాని పరీక్ష చెల్లదు. ముద్ర చదువనివాడు వ్యాసము కొలిచియు, అది పెరిగినదో, పుట్టుకతోనే అంత యున్నదో యెట్లు చెప్పగలడు? మీ తుపాకి వంటి పాతవానిపై వేయింట వంతుల లెక్క లేదు. బోరు సంఖ్య మాత్రమే యున్నది. అట్టిచోట గోడ మందమే శరణ్యము. గొట్టములో ఎచటనైనను వేయింట ఇరువది వంతులకు, అనగా అర మిల్లీమీటరునకు, తగ్గిన గోడను ఇంగ్లండు పనివారు సామాన్యముగ నమ్మరు. ఇటు రండు, గొట్టమును కిటికీవైపు ఎత్తి లోపలికి చూడుడు. వెలుగు లోగోడపై వలయములు వలయములుగ సమముగ పోవుచున్నదా?

కామందు: పోవుచున్నది. సగము దూరమున మాత్రము ఒక నల్లని ఉంగరమువంటి నీడ అడ్డు వచ్చినది.

మేస్త్రి: వ్రేళ్లతో వెలుపల తడవుడు, ఆ చోట అతిస్వల్పముగ ఎత్తు తగులును. ఎన్నడో గొట్టములో మట్టియో, తుడిచిన గుడ్డపీలికయో మిగిలియుండగా కాల్చిరి. అచట గొట్టము ఉబ్బినది. పగులక నిలిచినది మీ పెద్దల అదృష్టము. ఇంకొక విధముగను ఇది జరుగును. ఇరువది బోరు తూటాను పొరపాటున పన్నెండు బోరు తుపాకిలో వేసిన, అది చేంబరును దాటి ముందునకు జారి, గొట్టము సన్నబడు చోట నిలిచిపోవును. ఏమియు లేదనుకొని వెనుక పన్నెండు బోరు తూటా వేసి కాల్చినయెడల రెండును ఒక్కసారి పేలి గొట్టము చీలిపోవును. ఇరువది బోరు తూటాలకు నేడు పసుపురంగు వేయుట యిందులకే. ఈ ఉంగరపు నీడ చూచిన పిదప మీ అరువదియేండ్ల అనుభవమును మీరే మరల తూచి చూచుకొనుడు.

కామందు: ఉంగరమును అంగీకరించితిని. తూటా మాట చెప్పినారు గనుక అడుగుదును. నేను వాడు తూటా ఈ చేంబరులో చక్కగ ఇముడుచున్నది, గొట్టము మూసికొనుచున్నది. తూటా సరిపోయినదనుటకు అంతకుమించిన నిదర్శన మేమి కావలెను?

మేస్త్రి: ఈ భ్రమయే ఎక్కువమందిని మోసగించును. తూటా పెట్టెపై వ్రాసిన నిడివి కాల్చక ముందరి నిడివి కాదు. కాల్చిన పిదప మూతి విచ్చుకొన్నప్పటి నిడివి. నేటి మామూలు తూటా 70 మిల్లీమీటర్లు, అనగా రెండుముప్పావు అంగుళములు. మూతి మడిచియున్నంతవరకు అది పొట్టిగ నుండి, రెండున్నర అంగుళముల పాత చేంబరులో సుఖముగ ఇముడును. కాల్చినపుడు ఆ మడత విచ్చుకొనుటకు చేంబరులో తావు లేదు. అది ముందరి ఇరుకులోనికి చొచ్చుకొని, గుండ్లును వాని వెనుకనున్న అట్టబిళ్లయు పోవలసిన దారిని తానే బిగించును. ఆ క్షణమున ఒత్తిడి పెరుగును. ఆ కాలపు ఇంగ్లీషు తుపాకులలో పెక్కింటి చేంబరు రెండున్నర అంగుళములే; నిడివిని గొట్టముపై ముద్రించుట 1925లో గాని నియమముగ రాలేదు. కనుక మీ తుపాకి నోరు విప్పి ఈ మాట చెప్పజాలదు. కొలబద్ద పెట్టి చెప్పించవలెను. ఇపుడే పెట్టితిని. రెండున్నర.

కామందు: అయినను మేస్త్రిగారూ, నేను తెచ్చిన సమస్య అట్లే మిగిలియున్నది. తూటా ఏల పేలుటలేదు? చరిత్ర, కొలతలు, ముద్రలు అన్నియు అయినవి; ఈ ప్రశ్నకు మాత్రము జవాబు రాలేదు. స్ప్రింగు మార్చుడని నేను మొదటనే చెప్పితిని.

మేస్త్రి: ఆ జవాబునకే వచ్చుచున్నాను. పేలని తూటాలను తెచ్చితిరి గదా. వాని క్యాపులను చూడుడు. సూది కొట్టిన గుంట లోతుగ, గుండ్రముగ ఉండి పేలనిచో తప్పు తూటాది. తడిసినదో, కాలము చెల్లినదో. గుంట లోతు తక్కువైన తప్పు తుపాకిది. గుంట నడుమ కాక ప్రక్కకు జరిగియున్నయెడల, గొట్టమును, దాని వెనుకనున్న కట్టడమును కలిపి పట్టు కీలును అనుమానింపవలెను. మీ తూటాలపై గుంట లోతు తక్కువ, కొంచెము ప్రక్కకును జరిగినది. లోతు తగ్గుటకు కారణములు నాలుగైదు. సూది తిరుగు రంధ్రములో ఏండ్లతరబడి పోసిన నూనె గడ్డకట్టి జిగురై సూదిని పట్టియుండవచ్చును. సగము తుపాకులకు కిరోసిను స్నానముతోనే ఈ జబ్బు వదలును. సూదిమొన అరిగియో విరిగియో యుండవచ్చును. స్ప్రింగు నిజముగ అలసియుండవచ్చును. గుఱ్ఱము మడమకర్రకు రాచుకొనుచుండవచ్చును. చివరిది, అన్నిటికంటె పెద్దది, తూటా వెనుకకు ఆనుకొనవలసిన కట్టడపు గోడకును గొట్టపు వెనుకమొగమునకును నడుమ సందు ఏర్పడియుండవచ్చును. సూది కొట్టినపుడు తూటా ఆ సందులో ముందునకు జరిగి దెబ్బను తప్పించుకొనును.

కామందు: సందు లేదు. మూసి, ఊపి చూచితిని, బిగువుగ నున్నది.

మేస్త్రి: ముందుకర్రను తగిలించి ఊపితిరి. ముందుకర్ర అడుగున నున్న స్ప్రింగు గొట్టమును వెనుకకు త్రోయుచు అరిగిన కీలునకు మరుగు కల్పించును. ఇదిగో, ముందుకర్ర తీసివేసితిని. ఇపుడు మడమ నెత్తి పట్టుకొని మెల్లగ కదలింపుడు.

కామందు: టకటకమను చున్నది. దీపపు వెలుగు సైతము ఆ సందులోనుండి సన్నని గీతవలె కనుపించుచున్నది.

మేస్త్రి: సిగరెట్టు చుట్టు పలుచని కాగితమును నడుమ నుంచి మూసి లాగుడు, చిరుగక జారి వచ్చుచున్నది గదా. ఇపుడు ఆలోచింపుడు బాబుగారూ. మీరు కోరినట్లు గట్టి స్ప్రింగు వేసియున్న ఏమగును? సూది దెబ్బ బలమై, తూటా జరిగినను పేలును. మీరు తృప్తితో ఇంటికి పోవుదురు. సందు మాత్రము అట్లే యుండి, ప్రతి దెబ్బకు పెరుగుచు పోవును. తూటా వెనుకభాగము ఆధారము లేక ఒకనాడు చిట్లును; అందలి నిప్పు మీ కంటికి అరచేతి దూరమున బయటపడును. ఉబ్బిన గొట్టము, పొట్టి చేంబరు, సరిపడని మందు, అరిగిన కీలు, ఈ నాలుగును కలసిన తుపాకి తాను పేలక మీకు హెచ్చరిక చేయుచుండగా, ఆ హెచ్చరికను నోరుమూయించుట మరమ్మతా? పేలకపోవుటయే నేటి వరకు మీకు జరిగిన మేలు.

కామందు: ఈ మాట నన్ను ఆపినది. స్ప్రింగు సంగతి ఇక ఎత్తను. అయితే మీ పద్ధతి ఒక్క ఈ జాతి తుపాకికే చెల్లునేమో యని నా సందేహము. మా పినతండ్రి ఇంట నొకటి కలదు. దానికి వెలుపల గుఱ్ఱమే లేదు, గొట్టము విరుగదు. మడమ క్రిందనున్న మీటను లాగిన లోపలి దిమ్మె క్రిందికి వంగును. దానికి ఊపి చూచుటకు కీలే లేదు. రకమునకొక శాస్త్రము కావలసివచ్చినపుడు అన్నిటికి ఒకే సూత్రమనుట ఎట్లు?

మేస్త్రి: మీరు వర్ణించినది మార్టిని కట్టడము. అమెరికాలో పీబాడీ కల్పించినదానిని స్విట్జర్లండులో మార్టిని మెరుగుపరచెను. బ్రిటిషు సైన్యము 1871లో స్వీకరించిన మార్టిని-హెన్రీ రైఫిలు ఇదే. బర్మింగ్‌హాంలోని గ్రీనరు కంపెనీ ఆ కట్టడముపైననే 'జి.పి.' అను పన్నెండు బోరు తుపాకిని చేసినది. పినతండ్రిగారిది అదియే కావచ్చును. మీరన్నది నిజము, దానికి కీలు అరిగి గొట్టము వదులగు జబ్బు రాదు. అయితే దాని సూదియు స్ప్రింగును దిమ్మె గర్భమున నున్నవి. అచట నూనె గడ్డకట్టిన వెలుపలివానికి తెలియనే తెలియదు. గుఱ్ఱము కనబడదు గనుక అది ఎక్కుపెట్టియున్నదో లేదో ఒక్క చూపున గ్రహించుటయు కొన్నిటిలో కష్టము. రోగములు వేరు; విచారణ క్రమము ఒక్కటే. ఎవరు చేసిరి, ఏ తూటాకు చేసిరి, ఏ మందుతో పరీక్షించిరి, నేడెట్లున్నది. ఈ నాలుగు ప్రశ్నలకు ఇంతకంటె మంచి సాక్ష్యము మన దేశముననే కలదు. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమున లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్లను మార్చి, పోలీసులకును కావలివారికిని '410 మస్కటు' అను ఒంటితూటా తుపాకులను చేసిరి. రైఫిలు మరలను అరగదీసి నున్నగ చేసి, తూటాలు నిలువయుండు పెట్టె తావున కొయ్యదిమ్మె బిగించిరి. దాని తూటా 303 రైఫిలు తూటా గొట్టమును మెడ నొక్కక నిట్టనిలువుగ వదలి చేసినది. బజారున అమ్ము మామూలు 410 తూటాకు ఆ చేంబరు చేయబడలేదు. వెలుపల చూచినవాడు రైఫిలనును, సంఖ్య చూచినవాడు 410 అనును, ఇద్దరును పొరపడినవారే. తరువాత కొందరు చేంబరును తొలిచి మామూలు తూటాకు అనువుగ మార్చిరి గనుక ఏది మారినదో ఏది మారలేదో కొలిచి తెలిసికొనవలెను. పుట్టుక తెలియని చోట నేటి స్థితి యర్థము కాదనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

కామందు: సూత్రమును ఒప్పుకొందును, ఫలితమునే ఒప్పుకొనలేకున్నాను. మీ విచారణ ముగియగా నాకు మిగిలినదేమి? కాల్చరాని తుపాకి. పంట పందుల పాలగుచున్నది. రైతు ఇంటిలో పనికిరాని పనిముట్టునకు తావు లేదు. కీలును సరిచేసి, నల్లమందు తూటాలు వేసి వాడుకొన కూడదా?

మేస్త్రి: కీలునకు క్రొత్త సీల వేయవచ్చును, రేకుముక్క దూర్చి తాత్కాలికముగ బిగించు వారున్నారు, వారి చేత పెట్టకుడు. వారి చేయి పడిన తుపాకిని గుర్తుపట్టుటయు సులభమే. మంచి పనివాడు మరమేకు గాడికి సరిపోవు మొనతో త్రిప్పును, చెడ్డవాడు తలలన్నింటిని చెక్కివేయును. ఉబ్బిన గొట్టమునకు మాత్రము నా దగ్గర మందు లేదు. ఉబ్బువరకు కోసివేసిన చాలునని ఎవరైనను చెప్పుదురేమో, వినకుడు. గొట్టమును పొట్టిచేయుట, అందులకు ప్రత్యేక లైసెన్సు లేనిదే, 1959 నాటి ఆయుధముల చట్టము నిషేధించిన పని. మరమ్మతుకును పరీక్షకును లైసెన్సు కావలెనని చెప్పునది కూడ ఆ చట్టమే. పంట రక్షణ మాటకు వచ్చిన, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అధికారుల అనుమతి లేనిదే అడవిపందిని కాల్చుటకు వీలులేదు. ఆ అనుమతి వచ్చిన నాడు మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారములు చేసిన పన్నెండు బోరు తుపాకి యొకటి లైసెన్సుపై కొని వాడుకొనుడు. నైట్రో మందుకు, నేటి తూటా నిడివికి చేయబడినది అది. తాతగారి తుపాకిని త్రుప్పు పట్టనీయక, గొట్టపు మూతి క్రిందికి ఉండునట్లు నిలిపి దాచుడు. అట్లయిన పూసిన నూనె మడమకర్రలోనికి దిగి దానిని మెత్తపరచదు.

కామందు: దాచుటలో నాకు అర్థము కనుపించుటలేదు. కాల్చరాని తుపాకిపై లైసెన్సు బాధ్యత మోయుటకంటె చట్టప్రకారము అప్పగించుటో, అమ్మివేయుటో మేలు. వస్తువు పనిచేసినంతకాలమే వస్తువని నేను ఇప్పటికిని నమ్ముదును.

మేస్త్రి: అప్పగించుట మీ ఇష్టము, దానిలో దోషము లేదు. నేనైతే దాచుదును. నూరేండ్లకు పైబడిన చేతిపని ఇది. ఆ అల్లికను తిరిగి వేయగల చేతులు నేడు బహు కొద్ది. అమ్ముట యందురా, ఈ ఉంగరమును, ఈ సందును, ఈ పొట్టి చేంబరును కొనువానికి చూపి అమ్మవలెను. దాచి అమ్మిన ధనము ఒకని చేతి వ్రేళ్ల వెల యగును.

కామందు: దాచి అమ్మను. ఇంకొక పనియు చేయుదును. ముద్రలు చెప్పినది, కొలబద్ద చెప్పినది, చేంబరు నిడివి, ఉబ్బు దూరము, కీలు స్థితి, అన్నియు ఒక కాగితముపై మీచేత వ్రాయించుకొని లైసెన్సు పుస్తకములో పెట్టుదును. మా తాతగారు పేరు మాత్రము మిగిల్చి పోయిరి; ఆ పేరు నాకు అక్కరకు రాలేదు. ఈ తుపాకి ఎవరి చేతికి పోయినను, దీనిలో ఏ తూటాయు వేయరాదను నిశ్చయము, దానికి గల కారణములతో కూడ, దీని వెంట పోవలెను. పనిముట్టు పనిచేయవలెనను నా మతము మారలేదు. పనిచేయరాని పనిముట్టును గుర్తించుటయు పనివాని ధర్మములో భాగమని మాత్రము నేడు గ్రహించితిని.

మేస్త్రి: కాగితమును ఇపుడే వ్రాసి సంతకము చేసి యిచ్చెదను. మీ మతము మారనక్కరలేదు బాబుగారూ. పని కోరువాడు లేనిచో నా వృత్తియే లేదు. తెలిసి పని కోరువాడు లేనిచో అది ప్రమాదమునకు తోడ్పడు వృత్తి యగును.